విదేశీ విలేకరిగా క్లేర్ హోలింగ్‌వర్త్: ప్రవేశం, ప్రసారం, ప్రచురణ

వ్యాససంగ్రహం:

రెండో ప్రపంచయుద్ధ ప్రారంభవార్తను ముందుగా అందించిన పాత్రికేయురాలిగా క్లేర్ హోలింగ్‌వర్త్ (1911-2017) పేరు పత్రికాచరిత్రలో సుప్రసిద్ధం. అయితే ఆ ఒక్క వార్తను అదృష్టఫలంగా చూపే కథనాలే ఎక్కువ. విదేశీ విలేకరి వృత్తిని ప్రవేశం, ప్రసారం, ప్రచురణ అనే మూడు దశలుగా విభజించి, ఆ మూడింటిలోనూ ఆమె ఎదుర్కొన్న పరిస్థితులను ఈ వ్యాసం విశ్లేషిస్తుంది. పాత్రికేయురాలు కాకముందు చేసిన పని ఆమె వార్తాసేకరణకు ఎలా పునాది అయిందో, అచ్చులో పేరు లేకపోవడం వల్ల ఒక విలేకరి కృషి చరిత్రలో ఎలా మరుగున పడగలదో వివరిస్తుంది. ఈ పరిశీలన తెలుగు పత్రికారంగంలో మహిళల కృషిపై జరిగే పరిశోధనకు ఎలా ఉపయోగపడుతుందో చివర సూచిస్తుంది.

ముఖ్యపదాలు: విదేశీ విలేకరి, యుద్ధవార్తలు, బైలైన్, అక్రెడిటేషన్, మహిళా పాత్రికేయులు, పత్రికాచరిత్ర.

1. ఉపోద్ఘాతం:

పత్రికాచరిత్రలో మహిళల గురించి రాసేటప్పుడు 'తొలి మహిళ' అన్న విశేషణం తరచుగా కనిపిస్తుంది. ఒక రంగంలో మొదట అడుగుపెట్టినవారిని గుర్తించడం అవసరమే. కాని ఆ విశేషణంతోనే పరిశీలన ఆగిపోతే, ఆమె ఏ పని చేశారు, ఎలా చేశారు, ఆ పనికి ఏ వ్యవస్థలు అడ్డుపడ్డాయి అన్న ప్రశ్నలు మిగిలిపోతాయి. సాహసం అన్న మాట కూడా అటువంటిదే. సాహసాన్ని కీర్తించేకొద్దీ వృత్తినైపుణ్యం వెనక్కి జరుగుతుంది.

క్లేర్ హోలింగ్‌వర్త్ వృత్తిజీవితం ఈ రెండు పరిమితులను దాటి చూడటానికి అనువైన ఉదాహరణ. 1939 నుంచి 1980ల ఆరంభం వరకు నాలుగు దశాబ్దాలపాటు ఆమె ఐరోపా, మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా, వియత్నాం, చైనాల నుంచి వార్తలు పంపారు. ఆమె జీవితంలోని ముఖ్యఘట్టాలను వృత్తి నిర్మాణం దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

2. విదేశీ విలేకరి వృత్తి – స్వరూపం:

స్థానిక విలేకరికీ విదేశీ విలేకరికీ ఉన్న తేడా దూరం ఒక్కటే కాదు. స్థానిక విలేకరి వార్త జరిగిన చోటికి వెళ్ళడానికి సాధారణంగా ఎవరి అనుమతీ అక్కరలేదు. విదేశీ విలేకరి మాత్రం వీసా, ప్రభుత్వ గుర్తింపు, యుద్ధరంగమైతే సైన్యం ఇచ్చే అక్రెడిటేషన్ సంపాదించాలి. ఇది ప్రవేశదశ. చూసినదాన్ని టెలిఫోన్ ద్వారానో తంతి ద్వారానో కార్యాలయానికి చేర్చాలి. యుద్ధకాలంలో ఆ మార్గాలన్నీ సెన్సారు అధీనంలో ఉంటాయి. ఇది ప్రసారదశ. చేరిన వార్తను ఎప్పుడు, ఏ పుటలో, ఎవరి పేరుతో వేయాలో సంపాదకవర్గం నిర్ణయిస్తుంది. ఇది ప్రచురణదశ.

మొదటిదానిపై రాజ్యానికి, సైన్యానికి అధికారం ఉంటుంది. రెండోది సాంకేతిక సదుపాయాలపై, సెన్సారుపై ఆధారపడుతుంది. మూడోది యాజమాన్యం, సంపాదకుల చేతిలో ఉంటుంది. ఒక విలేకరి వృత్తిజీవితం ఈ మూడు శక్తులతో నిరంతరం సాగే వ్యవహారం. పాఠకుడికి కనిపించేది మూడో దశ ఫలితం ఒక్కటే. అందుకే అచ్చయిన పుటను మాత్రమే ఆధారంగా తీసుకున్న పరిశోధన మొదటి రెండు దశలలోని శ్రమను గుర్తించలేదు.

3. పాత్రికేయ వృత్తికి ముందు:

హోలింగ్‌వర్త్ 1911 అక్టోబరు 10న ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో జన్మించారు. చిన్నతనంలో తండ్రి ఆమెను పూర్వకాలపు యుద్ధాలు జరిగిన ప్రదేశాలకు తీసుకువెళ్ళి చూపించేవాడు. సైనిక విషయాలపై ఆమెకు జీవితాంతం నిలిచిన ఆసక్తికి అది నాంది. పత్రికావృత్తి గౌరవప్రదమైనదన్న అభిప్రాయం తల్లికి లేదు. ఆ కాలపు మధ్యతరగతి ఆడపిల్లలకు తగినదిగా భావించిన గృహవిజ్ఞాన శిక్షణకు ఆమెను పంపారు. తరువాత ఆమె నానాజాతి సమితి ఆశయాలను ప్రచారం చేసే లీగ్ ఆఫ్ నేషన్స్ యూనియన్‌లో ఉద్యోగం చేశారు. లండన్‌లో స్లావోనిక్ అధ్యయనాలు చేశారు. జాగ్రెబ్ విశ్వవిద్యాలయంలో క్రొయేషియన్ భాష అభ్యసించారు.

1938లో మ్యూనిక్ ఒప్పందం ఫలితంగా చెకోస్లొవేకియాలోని సుడెటన్‌లాండ్ జర్మనీ వశమైంది. 1939 మార్చిలో మిగిలిన చెక్ ప్రాంతాలను కూడా జర్మన్ సేనలు ఆక్రమించాయి. నాజీల బారి నుంచి తప్పించుకున్న యూదులు, రాజకీయ కార్యకర్తలు పోలండ్ సరిహద్దు దాటి వచ్చేవారు. కటోవీత్సే నగరంలో బ్రిటిష్ సహాయసంఘం తరఫున పనిచేసిన హోలింగ్‌వర్త్, కొద్ది నెలల్లో వేలాదిమందికి బ్రిటిష్ వీసాలు లభించేలా కృషిచేశారు.

ఈ దశను జీవితచరిత్రలో ఒక మానవతాధ్యాయంగా మాత్రమే చూడటం వాడుక. వృత్తిదృష్టితో చూస్తే దీని ప్రాధాన్యం వేరు. సరిహద్దు ప్రాంతపు భౌగోళిక స్థితి, కాన్సులేట్ అధికారులతో పరిచయం, పత్రాలు సంపాదించే పద్ధతి, సరిహద్దు అవతల ఏమి జరుగుతున్నదో శరణార్థుల నోట వినే అవకాశం ఇవన్నీ ఆమెకు ఈ కాలంలోనే సమకూరాయి. విలేకరికి కావలసిన మూలధనం విలేకరి కాకముందే ఆమె చేతికి వచ్చింది.

4. 1939 ఆగస్టు – ప్రవేశం, ప్రసారం:

1939 ఆగస్టు చివరి వారంలో డైలీ టెలిగ్రాఫ్ పత్రిక ఆమెను విలేకరిగా నియమించింది. అప్పటికి ఆమె వయస్సు 27 సంవత్సరాలు. వార్సాలో ఆ పత్రికకు హ్యూ కార్ల్‌టన్ గ్రీన్ విలేకరిగా ఉన్నాడు. హోలింగ్‌వర్త్ తనకు సుపరిచితమైన కటోవీత్సేకు తిరిగి వెళ్ళారు. ఉద్యోగంలో చేరి ఇంకా వారం కూడా గడవలేదు.

ఆ రోజుల్లో జర్మనీ-పోలండ్ సరిహద్దులో దౌత్యవాహనాలకు తప్ప రాకపోకలకు వీలు లేదు. కటోవీత్సేలోని బ్రిటిష్ కాన్సుల్ జనరల్ ఆమెకు పూర్వపరిచితుడు. బ్రిటిష్ పతాకం గల అతని కారును అరువు తీసుకొని ఆగస్టు 28న ఆమె సరిహద్దు దాటి జర్మన్ పట్టణమైన గ్లైవిట్జ్ (నేటి పోలండ్‌లోని గ్లివీత్సే) వైపు వెళ్ళారు. దారి పొడవునా సైనిక వాహనాల సంచారం కనిపించింది. తిరుగు ప్రయాణంలో రోడ్డు పక్క లోయ కనబడకుండా కట్టిన గోనెగుడ్డ తెరలు ఒకచోట గాలికి తొలగాయి. లోయలో వందల సంఖ్యలో బారులు తీరిన ట్యాంకులు ఆమె కంటబడ్డాయి.

ఆమె ఆ సమాచారాన్ని టెలిఫోన్‌లో వార్సాలోని గ్రీన్‌కు తెలియజేయగా అతని ద్వారా లండన్ చేరింది. పోలండ్ సరిహద్దులో 1,000 ట్యాంకులు మోహరించాయనీ, 10 డివిజన్లు మెరుపుదాడికి సిద్ధంగా ఉన్నట్లు సమాచారమనీ తెలిపే వార్త ఆగస్టు 29న టెలిగ్రాఫ్ మొదటి పుటలో వెలువడింది.

ఈ ఘట్టాన్ని చెప్పేవారిలో చాలామంది గాలికి తొలగిన తెరను ప్రధానంగా ప్రస్తావిస్తారు. తెర తొలగడం యాదృచ్ఛికమే. కాని ఆ సమయానికి ఆ రోడ్డు మీద ఒక బ్రిటిష్ విలేకరి ఉండటం యాదృచ్ఛికం కాదు. మూసిన సరిహద్దును దాటగలిగే వాహనం ఏదో తెలియాలి. దాన్ని ఇవ్వగల అధికారికి ఆమెపై నమ్మకం ఉండాలి. చూసినదాని సైనిక ప్రాధాన్యాన్ని అంచనా వేయగలగాలి. మొదటి రెండూ శరణార్థుల సేవాకాలంలో సమకూరినవి. మూడోది చిన్ననాటి నుంచి పెంచుకున్న ఆసక్తి ఫలితం. ఈ మూడూ లేని విలేకరికి తెర తొలగినా వార్త దక్కేది కాదు. అసలు ఆ రోడ్డు మీదికే వెళ్ళగలిగేవారు కాదు.

సెప్టెంబరు 1 తెల్లవారుజామున కటోవీత్సేలో ఆమె ఫిరంగుల మోతకు నిద్రలేచారు. వార్సాలోని బ్రిటిష్ రాయబార కార్యాలయానికి ఫోన్ చేసి యుద్ధం మొదలైందని చెప్పారు. అక్కడి అధికారి మొదట నమ్మలేదు. అప్పుడు ఆమె టెలిఫోన్ రిసీవర్‌ను కిటికీ వెలుపలికి చాచి, ఆ మోతను అతనికి నేరుగా వినిపించారు. విలేకరి మాటను శంకించే చోట ఆధారాన్నే ముందుంచడం ఈ ఘటనలోని వృత్తిపరమైన విశేషం. రెండు రోజుల తరువాత, సెప్టెంబరు 3న, బ్రిటన్ జర్మనీపై యుద్ధం ప్రకటించింది. ఈ అనుభవాలతో ఆమె రాసిన పోలండ్ యుద్ధ గ్రంథం 1940లో వెలువడింది.

5. పేరు లేని వార్త:

ఆగస్టు 29 నాటి ఆ వార్తపై హోలింగ్‌వర్త్ పేరు లేదు. 'మా సొంత విలేకరి నుంచి' అన్న అర్థమిచ్చే మాట మాత్రమే ఉంది. ఇది ఆమె స్త్రీ కావడం వల్ల జరిగిందనడం సరికాదు. బ్రిటిష్ దినపత్రికల్లో విలేకరి పేరు వేయకపోవడం ఆనాటి సాధారణ పద్ధతి. పురుషుల వార్తలు కూడా అలాగే వెలువడేవి. సరిహద్దు ప్రాంతంలో ఉన్న విలేకరి భద్రతకు పేరు లేకపోవడమే మేలన్న వాదనా ఉంది.

అయితే పద్ధతి అందరికీ ఒకటే అయినా దాని ఫలితం అందరికీ ఒకటి కాదు. ఏళ్ళ తరబడి ఒకే నగరంలో ఉన్న సీనియర్ విలేకరిని దౌత్యవర్గాలు, తోటి పాత్రికేయులు పేరు లేకపోయినా గుర్తుపడతారు. ఉద్యోగంలో చేరి వారం కూడా కాని ఒక యువతికి అటువంటి గుర్తింపు ఉండదు. ఆ కాలంలో విదేశీ విలేకరి అనగానే పాఠకుల మనసులో మెదిలేది పురుషుడే కాబట్టి పేరు లేని వార్తను పురుషుడి వార్తగా భావించడం సహజం. తటస్థంగా కనిపించే నియమం అసమానమైన పరిస్థితిలో అసమాన ఫలితాన్ని ఇస్తుందనడానికి ఇది నిదర్శనం. తరువాతి కాలంలో ఆమె స్వయంగా రాయకపోతే, ఇతరులు చెప్పకపోతే, ఆ వార్త చరిత్రలో కర్త లేని క్రియగా మిగిలి ఉండేది.

6. సైన్యం గుర్తింపు – ప్రవేశానికి అడ్డంకి:

యుద్ధకాలంలో హోలింగ్‌వర్త్ రొమేనియా, గ్రీసు, టర్కీ, ఈజిప్టుల నుంచి పనిచేశారు. 1941లో సింహాసనమెక్కిన ఇరాన్ షా మొహమ్మద్ రెజా పహ్లవీని ఇంటర్వ్యూ చేశారు. కాని ఉత్తర ఆఫ్రికా యుద్ధరంగంలో ఆమెకు ఎదురైన అడ్డంకి శత్రుసేన నుంచి వచ్చినది కాదు. బ్రిటిష్ సైన్యం మహిళలకు యుద్ధ విలేకరులుగా అధికారిక గుర్తింపు ఇవ్వలేదు. తన సేనల వెంట మహిళా విలేకరులు ఉండటాన్ని జనరల్ మాంట్‌గోమరీ అంగీకరించలేదు. 1943లో ట్రిపోలీ చేరిన ఆమెను కైరోకు తిరిగి వెళ్ళమన్నారు. అప్పుడు ఆమె అల్జీరియాలో ఐసెన్‌హోవర్ నాయకత్వంలోని అమెరికన్ సేనలతో చేరి వార్తలు పంపారు.

ఇది ఆమె ఒక్కరి అనుభవం కాదు. 1944 జూన్‌లో నార్మండీ దాడి సమయంలో యుద్ధరంగానికి వెళ్ళే అనుమతి దొరకని అమెరికన్ రచయిత్రి మార్తా గెల్‌హార్న్ ఒక ఆసుపత్రి నౌకలో దాక్కొని తీరం చేరారు. 1950లో కొరియా యుద్ధరంగం నుంచి మహిళా విలేకరులు వెళ్ళిపోవాలని అమెరికన్ జనరల్ వాకర్ ఆదేశించగా, మార్గరెట్ హిగిన్స్ విషయంలో ఆ ఆదేశాన్ని మెకార్థర్ రద్దుచేశాడు. మరుసటి సంవత్సరం హిగిన్స్ అంతర్జాతీయ వార్తారచనకు పులిట్జర్ బహుమతి పొందిన తొలి మహిళ అయ్యారు.

ఈ మూడు ఉదాహరణలను కలిపి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. మహిళా విలేకరుల సామర్థ్యాన్ని పరీక్షించి కాదనడం ఎక్కడా జరగలేదు. పరీక్షకు ముందే ద్వారం మూసివేయడం జరిగింది. దాన్ని దాటడానికి ఒకరు మరో సైన్యాన్ని ఆశ్రయించారు. ఒకరు నియమాన్ని ఉల్లంఘించారు. ఒకరు పై అధికారి జోక్యం పొందారు. ఈ మార్గాల్లో ఏదీ పురుష విలేకరులకు సాధారణంగా అవసరమైనది కాదు. అందువల్ల వీరి వార్తలను పురుషుల వార్తలతో పోల్చేటప్పుడు ప్రవేశానికి వెచ్చించిన అదనపు శ్రమను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

7. ఫిల్బీ వార్త – ప్రచురణలో జాప్యం:

1960ల ఆరంభంలో హోలింగ్‌వర్త్ గార్డియన్ పత్రికకు పనిచేశారు. అల్జీరియా స్వాతంత్ర్యపోరాటంపై పంపిన వార్తలు ఆమెకు విశేషకీర్తి తెచ్చాయి. 1962లో బ్రిటన్‌లో ఆ ఏటి ఉత్తమ మహిళా పాత్రికేయురాలిగా పురస్కారం లభించింది. గుర్తింపు వచ్చినా అది 'మహిళా' అన్న ప్రత్యేక విభాగంలో వచ్చిందన్నది గమనార్హం.

1963 జనవరి 23 రాత్రి బీరూట్‌లో ఒక విందుకు రావలసిన కిమ్ ఫిల్బీ అదృశ్యమయ్యాడు. బ్రిటిష్ గూఢచారి విభాగంలో పూర్వాధికారి అయిన ఫిల్బీ అప్పుడు అబ్జర్వర్, ఎకనమిస్ట్ పత్రికలకు విలేకరిగా అక్కడ ఉన్నాడు. 1951లో సోవియట్ యూనియన్‌కు పారిపోయిన బర్జెస్, మెక్లీన్‌లకు సహకరించిన 'మూడో వ్యక్తి' అతడేనన్న అనుమానం చాలాకాలంగా ఉంది. హోలింగ్‌వర్త్ ఊహాగానాలతో ఆగలేదు. ఓడరేవులో నౌకల రాకపోకల వివరాలను పరిశీలించారు. ఆ రాత్రే ఒక సోవియట్ సరుకు నౌక హడావిడిగా ఒడెస్సాకు బయలుదేరిందని తెలుసుకున్నారు. ఫిల్బీ అందులోనే వెళ్ళాడన్న నిర్ణయానికి వచ్చి వార్త రాశారు.

పరువునష్టం దావాకు భయపడి గార్డియన్ ఆ వార్తను సుమారు మూడు నెలలు నిలిపివేసింది. ఏప్రిల్ 27న మాత్రమే అది వెలువడింది. అది కూడా లోపలి పుటలో. ఫిల్బీయే మూడో వ్యక్తి అని జూలై 1న ప్రభుత్వం తరఫున ఎడ్వర్డ్ హీత్ పార్లమెంటులో ధ్రువీకరించాడు.

ఇక్కడ ప్రవేశదశలో ఆటంకం లేదు. ప్రసారదశలోనూ లేదు. ఆటంకమంతా ప్రచురణదశలోనే. సంపాదకుల భయం నిరాధారం కూడా కాదు. 1955లో పార్లమెంటులో ప్రభుత్వమే ఫిల్బీని మూడో వ్యక్తిగా భావించడానికి ఆధారం లేదని ప్రకటించి ఉంది. నౌక బయలుదేరడం వాస్తవం. అతడు అందులో ఉన్నాడనడం అనుమితి. విలేకరి తన పద్ధతి సరైనదన్న విశ్వాసంతో వార్త పంపగా, సంపాదకులు న్యాయస్థానంలో నిలిచే రుజువు కోరుకున్నారు. ఎవరి వృత్తిధర్మం వారిది. కాని పరిశోధకులు గుర్తించవలసిన విషయం ఒకటుంది. అచ్చయిన తేదీ ప్రకారం ఇది ఏప్రిల్ నాటి వార్త. విలేకరి కృషి ప్రకారం దాని జననం అంతకు చాలా ముందే జరిగింది. ఈ రెంటి మధ్య దూరం పత్రిక పుటలో కనిపించదు.

8. వియత్నాం, చైనా:

తిరిగి టెలిగ్రాఫ్‌లో చేరిన హోలింగ్‌వర్త్ వియత్నాం యుద్ధవార్తలు రాశారు. అమెరికన్ అధికారుల సమావేశాల్లో చెప్పే మాటలకు పరిమితం కాకుండా, సామాన్య వియత్నామీయులతో విడిగా మాట్లాడటం ఆమె పద్ధతి. ఆ యుద్ధం సైనికవిజయంతో ముగియదన్న అంచనాకు ఆమె తొలిదశలోనే వచ్చారు. 1973లో టెలిగ్రాఫ్ చైనా విలేకరిగా బీజింగ్ వెళ్ళారు. 1949లో చైనా ప్రజా గణతంత్రం ఏర్పడిన తరువాత అక్కడ ఆ పత్రికకు ఆమే తొలి విలేకరి. అధికారిక సమాచారం తప్ప మరేదీ సులభంగా దొరకని ఆ దేశంలో చిన్నచిన్న సంకేతాలను పేర్చి రాజకీయ పరిణామాలను అర్థం చేసుకోవలసి ఉండేది. మావోపై, అతని ప్రత్యర్థులపై ఆమె రాసిన గ్రంథం 1985లో వెలువడింది.

1980ల ఆరంభంలో హాంకాంగ్‌లో స్థిరపడిన ఆమె, అక్కడి విదేశీ విలేకరుల క్లబ్బుకు వృద్ధాప్యంలోనూ నిత్యం వెళ్ళేవారు. 1990లో ఆత్మకథ ప్రచురించారు. 1994లో జేమ్స్ కామెరాన్ పురస్కారం పొందారు. 2017 జనవరి 10న, 105వ ఏట, హాంకాంగ్‌లోనే కన్నుమూశారు.

9. తెలుగు పరిశోధనకు సూచనలు:

తెలుగు పత్రికలకు విదేశాల్లో సొంత విలేకరులు అరుదు. అంతర్జాతీయ వార్తల కోసం అవి ప్రధానంగా వార్తాసంస్థలపై ఆధారపడతాయి. అయినా పైన చర్చించిన నమూనా తెలుగు పత్రికారంగ పరిశోధనకు వర్తిస్తుంది. తెలుగు దినపత్రికల్లో అధికశాతం జిల్లా, మండల వార్తలు విలేకరి పేరు లేకుండానే వస్తాయి. 'మా ప్రతినిధి', 'ప్రత్యేక ప్రతినిధి' వంటి సామాన్యనామాలే కనిపిస్తాయి. బైలైన్ల లెక్క ఆధారంగా తెలుగు పత్రికల్లో మహిళల భాగస్వామ్యాన్ని అంచనా వేసే పరిశోధన ఈ పరిమితిని ముందుగా గుర్తించాలి. పుటలో పేరు లేకపోవడం కృషి లేకపోవడానికి రుజువు కాదు.

ఇందుకు ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. విలేకరులతో మౌఖిక చరిత్ర సేకరణ, అక్రెడిటేషన్ జాబితాల పరిశీలన, డెస్కులో పనిచేసినవారి జ్ఞాపకాలు, ప్రచురణకు నోచుకోని వార్తల సమాచారం ముఖ్యమైన ఆకరాలు. స్వీయకథనాలను ఉపయోగించేటప్పుడు జాగ్రత్త కూడా అవసరం. గ్లైవిట్జ్ ప్రయాణ వివరాలకు హోలింగ్‌వర్త్ స్వయంగా చెప్పినవే ముఖ్యాధారం. స్వీయకథనాన్ని నాటి పత్రిక పుటతో, ఇతరుల సాక్ష్యంతో సరిపోల్చడం పరిశోధకుడి బాధ్యత. మౌఖిక ఆకరాలు ఉన్న విలేకరులు వయోవృద్ధులవుతున్న ఈ కాలంలో ఈ పనిని వాయిదా వేస్తే పూడ్చుకోలేని నష్టం జరుగుతుంది.

10. ముగింపు:

- హోలింగ్‌వర్త్ 1939 నాటి వార్త కేవలం అదృష్టఫలం కాదు. శరణార్థుల సేవలో సంపాదించిన ప్రాంతజ్ఞానం, పరిచయాలు, విశ్వసనీయత దానికి పునాది.
- మహిళా విలేకరులకు ప్రధాన అవరోధం ప్రవేశదశలో ఏర్పడింది. సైనిక గుర్తింపు నిరాకరణ సామర్థ్యాన్ని బట్టి కాక, స్త్రీ అన్న కారణంతో జరిగింది.
- అనామక ప్రచురణ అందరికీ వర్తించిన నియమమే అయినా, అప్పటికే గుర్తింపు లేనివారికి ఎక్కువ నష్టం చేసింది.
- ఫిల్బీ ఉదంతంలోని ఆటంకం లింగవివక్షకు సంబంధించినది కాదు. మహిళా పాత్రికేయులు ఎదుర్కొన్న ప్రతి అవరోధాన్నీ ఒకే కారణానికి ముడిపెట్టడం శాస్త్రీయం కాదని అది సూచిస్తుంది.
- పత్రికాచరిత్ర రచనకు అచ్చుపుట అవసరమైన ఆధారమే కాని సంపూర్ణమైనది కాదు. వార్త వెనుక ఉన్న మనిషిని గుర్తించడానికి ఆ పుటకు వెలుపల కూడా వెదకాలి.